పలక పట్టకముందే ఇంట్లో వినవలసిన లెక్క

సంపాదకుల వారికి నమస్కారములు.

ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలయ్యే రోజులు వచ్చాయంటే మా పర్లాకిమిడి వీధుల్లో ప్రతి ఏడాదీ ఒకే దృశ్యం కనిపిస్తుంది. మూడున్నరేళ్లు, నాలుగేళ్లు నిండిన పిల్లలను సాయంత్రం ఐదు గంటలకు ట్యూషన్‌లో దింపి, ఆరున్నరకు మళ్లీ ఎత్తుకొచ్చే తల్లులు, ఆ దారిలోనే ఎదురుపడినవారితో ‘మావాడికి వంద దాకా వచ్చేసిందండీ’ అని సంతోషంగా చెబుతూ ఉంటారు. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిగా, ఆ సంతోషాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ వంద అంకెల వెనుక పిల్లవాడికి నిజంగా ఏమి తెలుసో, ఏమి తెలియదో చాలా ఏళ్లు దగ్గరగా చూసినదానిగా, ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు మీ పత్రిక ద్వారా ఒక మాట విన్నవించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పిల్లలకు సంఖ్యల మీద మొదటి పట్టు ఇంట్లోనే, ఇంటి భాషలోనే, తల్లిదండ్రుల పనిపాటల మధ్యనే దొరుకుతుంది. మన ప్రాంతంలో ‘లెక్కలు బడివాళ్ల సొత్తు, బడి భాష సొత్తు’ అనే భయంతో ఇళ్లు ఆ పనిని మానుకుంటున్నాయి.

మా వీధి చివర ఒక ఇంట్లో అడ్డాకుల విస్తళ్లు కుడతారు. కొండల మీది నుంచి వచ్చిన ఆకుల మోపు విప్పి, ఆకులు తుడిచి, సన్నటి పుల్లలతో ఒకదానికొకటి గుచ్చి, ఆ ఇల్లాలు పొద్దున్నుంచి అరుగు మీదే కూర్చుని పనిచేస్తుంది. ఇరవై విస్తళ్లు పూర్తయిన ప్రతిసారీ పక్కనున్న కొబ్బరి చిప్పలో ఒక చింతపిక్క వేస్తారు. ఐదు పిక్కలు పడితే వంద విస్తళ్లన్నమాట, అప్పుడు కట్ట కడతారు. పిక్క వేసే పని ఆవిడ నాలుగేళ్ల కూతురిది. ఒక రోజు నేను అక్కడ కూర్చుని ఉండగా తల్లి ‘ఇరవై’ అనగానే ఆ పిల్ల పిక్క వేసి, చిప్పలోకి తొంగిచూసి, ‘మూడయ్యాయమ్మా, ఇంకో రెండేస్తే కట్టే’ అన్నది. నేను ఆశ్చర్యపోయి ‘మీ పాపకు లెక్కలు బాగా వచ్చునే’ అంటే, ఆ తల్లి నవ్వి, ‘దీనికి లెక్కలేటొచ్చు టీచరమ్మా, నాకే రావు. వన్‌టూలు నేర్పుతారని వచ్చే నెల నుంచి ట్యూషన్‌కి అంపుదామనుకుంటన్నాం’ అన్నది.

ఆ పిల్లకు తెలిసినదేమిటో ఒకసారి ఆలోచించండి. చిప్పలో ఉన్నవాటిని వేలు పెట్టి తాకకుండానే మూడని గుర్తించింది. మూడుకు రెండు కలిస్తే ఐదవుతుందని ఎవరూ అడగకుండానే చెప్పింది. అంతకు మించి, ఒక్క చిన్న పిక్క ఇరవై విస్తళ్లకు బదులుగా నిలబడగలదని ఒప్పుకుంది. స్థాన విలువ అనే పేరుతో రెండో తరగతిలో మేము నానా తంటాలు పడి నేర్పే పాఠానికి విత్తనం అదే. ఆ తల్లికి లెక్కలు రావట!

అదే వారంలో, అదే వీధిలో, ఇంగ్లీషులో వంద వరకూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే ఒక ఐదేళ్ల బాబును ‘నాన్నా, బుట్టలోంచి ఆరు ఉల్లిపాయలు తెచ్చి ఇవ్వు’ అని అడిగాను. రెండు చేతుల నిండా పట్టినన్ని తెచ్చాడు. లెక్కపెట్టమంటే ఒక ఉల్లిపాయ మీద వేలు పెట్టి రెండు అంకెలు పలికాడు, ఇంకో దాన్ని దాటేసి ముందుకు పోయాడు, చివరికి ‘నైన్’ దగ్గర ఆగాడు. ‘మొత్తం ఎన్ని?’ అంటే మళ్లీ మొదటి నుంచి ‘వన్, టూ’ అని ఎత్తుకున్నాడు. ఆ బాబు తెలివితక్కువవాడు కానే కాదు. అతనికి అంకెలు ఒక పాటలాగా వచ్చాయి, అంతే. ఒక్కో వస్తువుకు ఒక్కో మాటే పలకాలని, చివర పలికిన మాటే మొత్తం ఎన్నో చెబుతుందని అతనికి ఇంకా ఎవరూ చూపించలేదు. పిల్లలు లెక్కపెట్టడాన్ని అధ్యయనం చేసిన రోషెల్ గెల్‌మన్, ఛార్లెస్ గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే ఈ రెంటినీ లెక్కింపుకు మూలసూత్రాలుగా వివరించారు. మరో సంగతి కూడా తల్లులు తెలుసుకోవాలి. ‘ఒకటి’ అంటే ఒకటేనని గ్రహించిన పసివాడికి ‘రెండు’ అంటే కచ్చితంగా రెండేనని తెలియడానికి నెలలు పడుతుంది, ‘మూడు’కు మరికొన్ని నెలలు. నోటితో పది వరకూ చెప్పగలిగినా లోపల ఈ ప్రయాణం అంత మెల్లగానే సాగుతుంది. తొందరపెడితే పాట పొడుగవుతుందే తప్ప పట్టు పెరగదు.

ఇంట్లో మాటకు ఇంత బలముందా అని అనుమానించేవారి కోసం ఒక అధ్యయనం సంగతి చెబుతాను. షికాగో విశ్వవిద్యాలయంలో సూసన్ లెవిన్ బృందం 44 మంది పిల్లల ఇళ్లకు, పిల్లల వయసు 14 నెలల నుంచి 30 నెలల మధ్య ఉండగా, ఐదు సార్లు వెళ్లి, ప్రతిసారీ తొంభై నిమిషాల పాటు తల్లిదండ్రుల మాటలను చిత్రీకరించింది. ఏ ప్రత్యేకమైన పనీ చెప్పలేదు, మామూలుగా ఉండమన్నారు. ఆ ఐదు సందర్శనల్లో కలిపి, ఒక ఇంట్లో సంఖ్యను తెలిపే మాటలు నాలుగంటే నాలుగే వినిపించగా, మరో ఇంట్లో 257 వినిపించాయి. నాలుగేళ్లు నిండబోయే నాటికి ఆ పిల్లలను మళ్లీ పరీక్షిస్తే, ఎక్కువ సంఖ్యల మాటలు విన్న పిల్లలకు ‘ఐదు’ అంటే ఎన్నో ఎక్కువ బాగా తెలిసింది. ఇంటి ఆర్థిక స్థితిని, తల్లిదండ్రులు మొత్తంగా ఎంత మాట్లాడతారన్నదాన్ని లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ తేడా నిలిచింది. ఈ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. ఆ మరుసటి ఏడాది అదే సమాచారాన్ని మరింత లోతుగా పరిశీలించి, అన్ని సంఖ్యల మాటలూ ఒకటి కావని తేల్చారు. కళ్ల ముందు కనిపించే వస్తువులను చూపిస్తూ లెక్కపెట్టడం, అందులోనూ నాలుగు నుంచి పది వరకూ ఉన్న గుంపుల గురించి మాట్లాడడం పిల్లలకు ఎక్కువ ఉపకరించింది. ‘రెండు నిమిషాలు ఆగు’ అని వంద సార్లు అన్నా, ‘ఇదిగో, నీ పళ్లెంలో ఐదు జంతికలున్నాయి చూడు’ అని ఒక్కసారి అన్నదానికి సాటిరాదని నాకు అర్థమైన సారాంశం.

దీనికి డబ్బు ఖర్చు లేదు. ఇడ్లీ పాత్రలో ఒక్కో రేకుకు నాలుగు గుంటలుంటాయి. మూడు రేకులు పెట్టేటప్పుడు పిల్లను పక్కన నిలబెట్టి ‘ఇందులో నాలుగు, ఇందులో నాలుగు’ అంటే చాలు. భోజనానికి ఎంతమంది కూర్చుంటారో చూసి కంచాలు తెమ్మనండి, ఒకటి తక్కువైతే తిట్టకుండా ‘ఎవరికి రాలేదు?’ అని అడగండి, వాడే పరుగెత్తి ఇంకొకటి తెస్తాడు. మల్లెపూలు మూరతో కొలిచి తెంపేటప్పుడు మీ మూరకూ పాప మూరకూ తేడా ఎందుకు వచ్చిందో అడిగి చూడండి. ధనుర్మాసంలో ముగ్గు చుక్కలు పెట్టే తల్లులకు నేను ప్రత్యేకంగా చెప్పాలి. ‘పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క’ అనే ఒక్క వాక్యంలో ఎంత గణితం ఉందో! పదిహేను, పద్నాలుగు, పదమూడు అంటూ వరుస వరుసకూ ఒకటి తగ్గుతూ రావడం చూస్తున్న పిల్లకు వెనక్కి లెక్కపెట్టడం దానంతట అదే వస్తుంది. బడిలో తీసివేతలకు ముందు దాన్ని నేర్పడానికి మాకు ఒక్కోసారి మూడు వారాలు పట్టేది. ఇప్పుడు ముగ్గులు స్టిక్కర్లుగా అమ్ముతున్నారు. అంటించే తల్లులను నేను తప్పుపట్టను, పొద్దున్నే పనికి పోవాలి కదా. కానీ ఆదివారం ఒక్క పూటైనా చుక్కల ముగ్గు వేయండి, చుక్కలు పిల్ల చేత పెట్టించండి, వంకరగా వచ్చినా సరే.

నేను చేసిన తప్పు కూడా ఇక్కడ చెప్పకపోతే న్యాయం కాదు. బడిలో ఇతరుల పిల్లలకు చింతపిక్కలు ఇచ్చి ఓపికగా నేర్పిన నేను, నా సొంత కొడుకుకు నాలుగో ఏట పలక ఇచ్చి, రోజూ రాత్రి అన్నానికి ముందు కూడికలు పెట్టేదాన్ని. టీచరు కొడుకు వెనకబడితే నలుగురూ ఏమనుకుంటారోనని నా భయం. తప్పు చేస్తే నా ముఖం మారేది, గొంతు పెరిగేది. కొన్నాళ్లకు వాడు పలక చూడగానే కడుపునొప్పి అనడం మొదలుపెట్టాడు. పదో తరగతి దాకా వాడికి లెక్కల పరీక్ష అంటే చెమటలు పట్టేవి. లెక్కలంటే తమకే బెదురున్న తల్లిదండ్రులు, ఒకటి రెండు తరగతుల పిల్లలకు తరచుగా హోంవర్కు చేయించినప్పుడు, ఆ పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారని, వారిలోనూ బెదురు పెరిగిందని 2015లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. తల్లిదండ్రులు తరచుగా సాయం చేయని ఇళ్లలో ఆ బెదురు పిల్లలకు అంతగా అంటలేదు. దాన్ని చదివిన రోజు నాకు నా కొడుకు కడుపునొప్పి గుర్తుకొచ్చింది. అందుకే ఇంట్లో లెక్క అంటే పలకా, బెత్తమూ, ట్యూషన్ పుస్తకమూ అని అర్థం చేసుకోవద్దని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను.

ఇక మన సరిహద్దు ప్రాంతానికే ఉన్న ప్రత్యేకమైన చిక్కు గురించి కొంచెం వివరంగా రాయాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పటి నుంచి మా ఊరు ఇటువైపు ఉండిపోయింది. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. మా పిల్లలు ఇంట్లో ‘పదకొండు’ వింటారు, ఒడియా మాధ్యమం బడిలో ‘ఏగార’ వింటారు, ప్రైవేటు బడిలోనూ టీవీలోనూ ‘ఎలెవెన్’ వింటారు. మూడూ ఒకటేనని వాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు. పైగా, ఒడియా లిపిలో నాలుగు అంకె చూడడానికి మనం రాసే ఎనిమిదిలాగే ఉంటుంది. పుస్తకంలో దాన్ని చూసి ‘ఎయిట్’ అన్నందుకు చెంపదెబ్బ తిన్న పిల్లను నేను ఎరుగుదును.

తెలుగు సంఖ్యల పేర్లలో ఒక గొప్ప సౌకర్యముంది. పదకొండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు అంటున్నప్పుడు ప్రతి మాటలోనూ ‘పది’ చెవికి వినిపిస్తూనే ఉంటుంది. మా అమ్మమ్మ ఇరువది, ముప్పది, నలుబది, ఏబది అనేది. ఆ పాత పలుకుల్లో చివర పది ఇంకా స్పష్టంగా ఉంది. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని పెద్ద భాగం ముందు, చిన్న భాగం వెనుక, మనం అంకెల్లో రాసే వరుసలోనే వస్తాయి. ఒడియాలో అలా కాదు. ఇరవై ‘కోడిఏ’, ఇరవై ఒకటి ‘ఏకోఇశి’, ఇరవై రెండు ‘బాఇశి’. అంటే చిన్న అంకె ముందు పలుకుతుంది. ఇరవై తొమ్మిది ‘అణతిరిశి’, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఇంగ్లీషులో ‘ఎలెవెన్’, ‘ట్వెల్వ్’ అనే మాటల్లో పది జాడ పిల్లల చెవికి అందదు. దీనివల్ల ఏ భాషా ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఒడియా పిల్లలు తల్లి ఒడిలోనే ‘అణతిరిశి’ వింటూ పెరుగుతారు కాబట్టి దాన్ని అరిగించుకోవడానికి వారికి వ్యవధి దొరుకుతుంది. మన పిల్లలకు అది ఆరో ఏట ఒక్కసారిగా ఎదురవుతుంది. సంఖ్యల పేర్ల తీరు పిల్లల మీద ప్రభావం చూపుతుందనడానికి ఆధారం కూడా ఉంది. 1995లో కెవిన్ మిల్లర్ బృందం చైనా, అమెరికా పిల్లలను పోల్చి చూసినప్పుడు, పది వరకూ లెక్కపెట్టడంలో ఇరువురికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పది దాటిన తరువాత, పది-ఒకటి, పది-రెండు అని సూటిగా పేర్లున్న చైనా పిల్లలు ముందుకు వెళ్లారు.

అలాంటి సూటితనం చాలావరకు మన తెలుగులో చేతికందేలా ఉండగా, మనమే దాన్ని పక్కన పెడుతున్నాం. ఇక్కడ నాకు బాధ కలిగించిన ఒక సంఘటన రాస్తాను. నా మనవరాలి వయసున్న ఒక పాపను బడిలో చేర్చడానికి తల్లితో పాటు నేనూ వెళ్లాను. అక్కడివారు పాపను ఇంగ్లీషులో యాభై వరకూ చెప్పమన్నారు. పాప పన్నెండు దగ్గర ఆగి, తెలుగులో అందుకుని, ఇరవై ఏడు దాకా తడబడకుండా చెప్పింది. ‘ఇంట్లో తెలుగులో లెక్కపెట్టించడం మానేయండి, పిల్ల కన్ఫ్యూజ్ అవుతుంది’ అని వారు తల్లికి సలహా ఇచ్చారు. ఆ తల్లి ఆ రోజు నుంచీ నిజంగానే మానేసింది. తాను సరిగ్గా పలకలేని భాషలో లెక్కపెట్టించడం చేతకాక, మాట్లాడడమే ఆపేసింది. ఆ సలహా ఇచ్చినవారిది చెడ్డ మనసని నేను అనను, కానీ అది తప్పుడు సలహా. ఏడు అంటే ఎన్నో ఒక భాషలో గట్టిగా తెలిసిన పిల్లకు, అదే ఏడుకు ‘సాత’ అనీ ‘సెవెన్’ అనీ మరో రెండు పేర్లున్నాయని చెప్పడం కష్టం కాదు. ఏ భాషలోనూ ఏడు తెలియని పిల్లకు మూడు భాషల్లోనూ అది ఉత్త శబ్దమే.

ఈ విషయంలో మన కొండల మీది సవర కుటుంబాలను కూడా తలచుకోవాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు వెంకట రామమూర్తి గారి వల్ల ఆ భాష మన పెద్దలకు కొంతైనా పరిచయం. సవర లెక్కింపు పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. పదమూడు అంటే పన్నెండూ ఒకటీ; ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. అంత సొంపైన పద్ధతిని ఇంటి నుంచి తెచ్చుకున్న పిల్లను బడిలో ‘దీనికి లెక్క రాదు’ అనడం నేను విన్నాను. మన తెలుగు పిల్లలకు జరిగే అన్యాయం గురించి మాట్లాడేటప్పుడు, అంతకంటే ఎక్కువ అన్యాయం జరుగుతున్న పిల్లలు పక్క బెంచీలోనే ఉన్నారని మరచిపోకూడదు.

ఆటల గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు అమెరికాలోని పేద కుటుంబాల, ఇంకా బడి వయసు రాని పిల్లలతో, 1 నుంచి 10 వరకూ అంకెలు వరుసగా రాసిన పది గళ్ల బోర్డు మీద ఒక చిన్న ఆట ఆడించారు. ముల్లు తిప్పితే ఒకటో రెండో పడుతుంది, పిల్లవాడు తన కాయను జరుపుతూ గడిలోని అంకెను పైకి పలకాలి. రెండు వారాల్లో పావుగంట, ఇరవై నిమిషాల చొప్పున నాలుగు సార్లు ఆడించారు, అంతే. సంఖ్యల్లో ఏది పెద్ద, ఏది ఎక్కడ ఉంటుంది అన్న జ్ఞానం స్పష్టంగా పెరిగింది, తొమ్మిది వారాల తరువాత చూసినా నిలిచే ఉంది. అంకెలకు బదులు రంగులున్న బోర్డు మీద ఆడిన పిల్లలకు ఆ మేలు కలగలేదు. ఇది 2008 నాటి మాట. మన ఇళ్లలో వైకుంఠపాళి ఎప్పటి నుంచో ఉన్నది కదా! కాకపోతే వంద గళ్లు చిన్నపిల్లలకు ఎక్కువ, పైగా వరుసలు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతాయి. నాలుగేళ్ల పిల్లకు అరుగు మీద సుద్దముక్కతో ఎడమ నుంచి కుడికి పది గళ్లు తిన్నగా గీసి, అంకెలు వేసి, ఒక గవ్వ ఇస్తే సరిపోతుంది. గవ్వ వెల్లకిలా పడితే ఒకటి, బోర్లా పడితే రెండు అనుకోండి.

ఆరేళ్లు వచ్చాక వైకుంఠపాళి ఆడించేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. పిల్ల కాయ ఇరవై మూడులో ఉండి నాలుగు పడితే, మనమంతా ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అంటూ జరుపుతాం. అలా కాకుండా ‘ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు’ అని గడిలో ఉన్న అంకెనే చదువుతూ జరపాలి. ఇలా ఆడిన పిల్లలే వంద వరకూ అంకెల స్థానాలను బాగా గ్రహించారని సీగ్లర్, ఎలైడా లాస్కీ కలిసి 2014లో చూపించారు. ఆట అదే, బోర్డు అదే, నోటితో పలికే మాట మారితే ఫలితం మారింది. నాకు ఇది చదివినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

వామనగుంటలు మరీ మంచివి. మా ఇంట్లో పద్నాలుగు గుంటలకు గుంటకు నాలుగేసి పిక్కలు వేసేవాళ్లం, నాలుగంటే పుంజీ. ఏ గుంట నుంచి ఎత్తితే ఎక్కడ అయిపోతుందో ముందే చూసుకుని ఆడే పిల్ల, పిక్కలు చేతిలోకి తీయకుండానే కళ్లతో లెక్కపెడుతుంది. మా అమ్మమ్మ చదువుకోలేదు, కానీ ఆవిడను ఈ ఆటలో గెలిచినవారు మా ఇంట్లో లేరు. అష్టాచెమ్మాలోనూ నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది అనేది పసివాళ్లు ఎంత తొందరగా పట్టేస్తారో చూసినవారికి తెలుసు.

అయితే ఆటలతోనే అంతా అయిపోతుందని చెబితే అది నిజాయితీ కాదు. ఢిల్లీలో ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యా సంస్థ నడిపే 214 పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో 1,540 మంది పిల్లలతో గణిత ఆటలు ఆడించి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ, ఆర్థికవేత్త ఎస్తేర్ డుఫ్లో ఆ పరిశోధక బృందంలో ఉన్నారు. ఆటలు ఆడిన పిల్లలకు ఎక్కువ తక్కువలను అంచనా వేసే శక్తి పెరిగి, ఏడాది దాటినా నిలిచింది. కానీ ఒకటో తరగతిలో అంకెలతో, గుర్తులతో నేర్పే లెక్కల్లో మాత్రం వారు మిగతావారి కంటే ముందుకు పోలేదు. ఆటలోని తెలివి దానంతట అది పలక మీదికి నడిచి రాలేదు, ఎవరో ఒకరు చేయి పట్టుకుని తీసుకురావాలి. 2025లో వెలువడిన మరో అధ్యయనంలో కలకత్తా, ఢిల్లీ సంతల్లో కూరగాయలు అమ్మే పిల్లలు నోటితో క్షణంలో బేరం లెక్క తేల్చగలిగినా, అదే లెక్కను బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే చాలామంది తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు సంత లెక్కలో తడబడ్డారు. మా గురువారం సంతలో తల్లి పక్కన కూర్చుని చిల్లర తిరిగి ఇచ్చే పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తుకు వస్తుంది. కాబట్టి విస్తళ్ల ఇంటి పాప చిప్పలో మూడు పిక్కలు వేసినప్పుడు, పక్కనే గోడ మీద బొగ్గుతో 3 అని వేసి చూపిస్తే, తెలుగులో ‘మూడు’ అన్నదాన్నే బడిలో ‘తిని’ అంటారని చెబితే, ఆ పిల్లకు దారి దొరుకుతుంది. ఆ మాత్రం పని ఆ ఇంట్లో ఐదో తరగతి చదివే అక్క అయినా చేయగలదు.

తండ్రుల విషయం క్లుప్తంగానే చెబుతాను. మన ప్రాంతంలో చాలామంది తండ్రులు సూరత్‌లోనో హైదరాబాదులోనో పనిలో ఉంటారు. రాత్రి ఫోన్లో ‘బాగా చదువుకుంటున్నావా?’ అని అడిగి ఊరుకోకుండా, ‘నేను రావడానికి ఇంకా ఎన్ని రోజులుంది, క్యాలెండరు చూసి చెప్పు’ అనండి. రోజుకొక గడి కొట్టివేసే పిల్లకు తీసివేత ఎవరూ నేర్పనక్కర్లేదు, నాన్న వచ్చే రోజు దగ్గరపడటమే నేర్పుతుంది.

ప్రభుత్వాల వంతు కూడా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పింది. 2021 జులై 5న ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం, 2026–27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు చేయడం రావాలని లక్ష్యం పెట్టుకుంది. గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు, సవర, కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలున్న అంగన్వాడీల్లో, పిల్లల ఇంటి భాషలో పది వరకూ లెక్కపెట్టి, ఆ తరువాత ఒడియా పేరు చెప్పే చిన్న ఏర్పాటు చేయడానికి కొత్త పుస్తకాలు కూడా అవసరం లేదు. అంగన్వాడీలో తల్లుల సమావేశాలు జరుగుతూనే ఉంటాయి. పోషకాహారం గురించి చెప్పినట్టే ఒక పది నిమిషాలు ఈ సంగతి చెప్పి, సుద్దముక్కతో పది గళ్లు గీసి చూపిస్తే ఎంతో మేలు. బడిలో చేర్చుకునేటప్పుడు నాలుగేళ్ల పిల్లలను వంద వరకూ అప్పజెప్పమనే పద్ధతిని యాజమాన్యాలు మానుకోవాలి. చూడాలనే ఉంటే ఒక గిన్నెలో చింతపిక్కలు పెట్టి ‘నాకు ఐదు ఇవ్వు’ అని ఏ భాషలోనైనా అడగండి, అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

మీ పత్రికకూ ఒక మనవి. ఆదివారం పిల్లల పేజీలో వారానికొకసారి తిన్నటి పది గళ్ల ఆట ఒకటి అచ్చువేసి, ప్రతి గడిలో అంకెతో పాటు దాని తెలుగు పేరు, కింద చిన్న అక్షరాల్లో ఒడియా పలుకు తెలుగు లిపిలో ఇవ్వగలరా? పాత పత్రిక కాగితం మా ఇళ్లలో వృథా పోదు. విస్తళ్ల ఇంటి తల్లికి మొదటి కాగితం నేనే తీసుకెళ్లి ఇస్తాను. ట్యూషన్‌కు పంపడం ఒక ఏడాది ఆపి చూస్తానని, ఈలోగా పిక్కలతో పాటు అంకె కూడా చూపిస్తానని ఆవిడ నిన్న సాయంత్రమే నాకు మాట ఇచ్చింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా